రేకుల గదిలో మహబూబ్‌నగర్ స్టేషన్ లేఅవుట్ కట్టాలి, ఎక్కడ మొదలుపెట్టాలి?

రేకులగది_రైలు

అందరికీ నమస్తే. మాది మహబూబ్‌నగర్. మేడ మీద పది బై పన్నెండు రేకుల గది ఒకటి ఖాళీ అయింది, అందులో మోడల్ రైల్వే లేఅవుట్ కట్టుకోవడానికి ఇంట్లో ఒప్పుకున్నారు. ప్రస్తుతానికి నా దగ్గర ఉన్నది మా బావ దుబాయ్ నుంచి వచ్చేటప్పుడు తెచ్చిన హెచ్‌ఓ స్టార్టర్ సెట్ ఒక్కటే. ఒక ఇంజిను, మూడు పెట్టెలు, గుండ్రంగా బిగించే పట్టాలు, ఒక కంట్రోలర్. అది తిరుగుతుంటే పిల్లలు సంబరపడుతున్నారు, కానీ నాకు కావాల్సింది అది కాదు. నాకు మన స్టేషన్ కావాలి. పసుపు బోర్డు, బయట ఆటోలు, టీ కొట్టు, వెనక గుండ్ల గుట్టలు, తాటిచెట్లు, అన్నీ ఒకే కొలతలో ఉండాలి, కళ్లు పట్టాల ఎత్తుకు దించి చూస్తే అక్కడే ప్లాట్‌ఫాం చివర నిలబడ్డట్టు అనిపించాలి.

యూట్యూబ్‌లో ఎన్ని చూసినా జర్మనీ పల్లెలు, అమెరికా గోధుమ గోదాములు, మంచు కొండలు. చేసినవాళ్ల ఓపికకు దండం పెట్టాల్సిందే, కానీ ఆ ఊళ్లతో నాకేం సంబంధం? మన ఇళ్లతో, మన బండ్లతో ఎవరైనా పెద్దగా కట్టారేమో అని వెతికాను, నాకు దొరకలేదు.

నా ప్లాన్ ఏంటంటే, ఎనిమిది బై నాలుగు ప్లైవుడ్ షీటు ఒకటి గది మధ్యలో వేసి, దాని మీద మహబూబ్‌నగర్ స్టేషన్, ఒక మూలకు పిల్లలమర్రి, ఇంకో మూలకు గద్వాల కోట, మధ్యలో కృష్ణా నది మీద బ్రిడ్జి, స్టేషన్ పక్కనే బస్టాండు. రైలుకు డబ్ల్యూఏపీ-7 కరెంటు ఇంజిను, ఇప్పటి కొత్తరకం ఎల్‌హెచ్‌బీ పెట్టెలు. ఇది కుదురుతుందా? హెచ్‌ఓలోనే ఉండాలా, ఎన్ స్కేల్‌కు మారాలా? ఇళ్లు, బండ్లు కొనుక్కోవాలా, చేసుకోవాలా, పిల్లల బొమ్మ కార్లు పెడితే నడుస్తుందా? డీసీ అని కొందరు, డీసీసీ అని కొందరు చెప్తున్నారు, దాంట్లో నాకు ఏమీ అర్థం కాలేదు. ఇంకో టెన్షన్ ఏంటంటే ఎండాకాలం ఆ గది లోపల ఉడికిపోతుంది, పట్టాలు వంకర పోతాయా?

తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

నల్లగొండ_లూప్‌లైన్

తమ్ముడూ, ప్లైవుడ్ కొనకముందే దొరికావు, మంచిది. ముందు లెక్క చూడు, తర్వాత ప్లాన్ దానంతట అదే మారిపోతుంది.

హెచ్‌ఓ అంటే 1:87, అంటే నిజం కొలతలో 87వ వంతు. ఎల్‌హెచ్‌బీ పెట్టె నిజంగా 23.54 మీటర్లు, హెచ్‌ఓలో 27 సెంటీమీటర్లు. ఐదు పెట్టెలు, ఒక ఇంజిను కలిపితే 160 సెంటీమీటర్ల దాకా పోతుంది, అంటే ఐదడుగుల పైనే. అంత ప్లాట్‌ఫాం నీ ఎనిమిదడుగుల షీటులో ఎక్కడ పడుతుంది? రెండు పక్కలా మలుపులే ఉంటాయి కదా. ఆ మలుపులది ఇంకో కథ. నాలుగడుగుల వెడల్పులో ఎంత పెద్ద మలుపు వేసినా 22 అంగుళాల వ్యాసార్థం దాటదు. పెట్టె పొడవుకు కనీసం మూడింతల వ్యాసార్థం ఉంటేనే రైలు మలుపులో చూడబుద్ధి అవుతుంది, ఎల్‌హెచ్‌బీకి అది 32 అంగుళాలు. 22లో తిప్పితే పెట్టెల మధ్యభాగం పట్టా దాటి లోపలికి, కొసలు బయటికి పొడుచుకొస్తాయి, ప్లాట్‌ఫాం అంచు ఆ మలుపు దగ్గరికొస్తే గీరుకుంటుంది కూడా.

ఇక బ్రిడ్జి. నిజంగా ఒక కిలోమీటరు ఉన్నదాన్ని హెచ్‌ఓలో చూపాలంటే పదకొండున్నర మీటర్లు కావాలి. నీ గది పొడవు మూడు మీటర్ల అరవై. కోట కూడా అంతే. చిన్నవి చేసి పెట్టొచ్చు, కానీ నువ్వే రాశావు, అన్నీ ఒకే కొలతలో ఉండాలని. కొలత తప్పిన కోట పక్కన కొలత పాటించిన స్టేషన్ పెడితే రెండూ బొమ్మలైపోతాయి. అందుకే చెప్తున్నా, ఐదు చోట్లు వద్దు, ఒక్క చోటు చాలు. అది కూడా మహబూబ్‌నగర్ స్టేషన్ అంత పెద్దది వద్దు. మన్యంకొండ, కౌకుంట్ల, శ్రీరాంనగర్ లాంటి చిన్న స్టేషన్ తీసుకో. ఒక మెయిన్ లైన్, రైలు పక్కకు తప్పుకుని ఆగే లూప్ లైను ఒకటి, చిన్న బిల్డింగు, దానెదురుగా రోడ్డు, నాలుగు ఇళ్లు. మన్యంకొండ అయితే వెనక గుట్ట, గుడి ఉండనే ఉన్నాయి, పేదల తిరుపతి అని మన జిల్లాల్లో ఎవరిని అడిగినా చెప్తారు. గుట్టను గోడకు ఆనించి కడితే సీను పూర్తవుతుంది.

గది మధ్యలో బల్ల కాకుండా, పన్నెండడుగుల గోడ వెంట రెండడుగుల వెడల్పుతో అరలా కట్టు. రెండడుగులు దాటితే వెనక పట్టాల మీద పెట్టె పడినప్పుడు చేయి అందదు. నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో పెడితే కుర్చీలో కూర్చుంటే కళ్లు సరిగ్గా ప్లాట్‌ఫాం ఎత్తుకు వస్తాయి. పదడుగుల గోడ వెంట ఏ సీనూ లేకుండా నాలుగైదు వరుసల పట్టాలు వేసి రైళ్లు దాచుకో, దాన్నే ఫిడిల్ యార్డ్ అంటారు. రైలు అక్కడి నుంచి వచ్చి స్టేషన్‌లో ఆగి మళ్లీ వెళ్లిపోతుంది, చూసేవాళ్లకు అది నిజంగా ఎక్కడి నుంచో వచ్చినట్టే. తర్వాత ఓపిక ఉంటే మిగతా రెండు గోడలు కూడా కలిపి, తలుపు దగ్గర తీసి పెట్టుకునే చెక్క వంతెన వేస్తే గది చుట్టూ రైలు తిరుగుతుంది, మూలల్లో 32 అంగుళాల మలుపు హాయిగా పడుతుంది.

ఎన్ స్కేల్ అంటే 1:160. అదే ఎల్‌హెచ్‌బీ 14.7 సెంటీమీటర్లకు దిగుతుంది, నీ ఎనిమిది బై నాలుగు షీటు మీద కూడా పొడవాటి రైలు నడుస్తుంది. రైలు పరుగు ముఖ్యం అనుకునేవాళ్లకు నేను ఎన్ చెప్తాను. కానీ నీకు టీ కొట్టు, ఆటో, బోర్డు మీద అక్షరాలు కావాలి. ఎన్‌లో మనిషి సెంటీమీటరు కొంచెం పైన ఉంటాడు, హెచ్‌ఓలో రెండు సెంటీమీటర్లకు దగ్గర. చేత్తో చేసే పనికి ఆ తేడా చాలా పెద్దది. నీకు హెచ్‌ఓనే.

గద్వాల_మీటర్‌గేజ్

లూప్‌లైన్ గారు చెప్పినదాంట్లో చోటు గురించి అంతా నిజం, కానీ అసలు విషయం ఒకటి వదిలేశారు. హెచ్‌ఓ పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అది యూరప్ వాళ్ల 1435 గేజ్‌కు లెక్క. మన బ్రాడ్‌గేజ్ 1676. దాన్ని 87తో భాగిస్తే 19.3 మి.మీ. రావాలి. అంటే బజారులో దొరికే హెచ్‌ఓ పట్టా మీద మన పెట్టె పెడితే కింద పట్టాలు దగ్గరదగ్గరగా, పైన పెట్టె వెడల్పుగా కనిపిస్తుంది. ఒకే కొలత, ఒకే కొలత అంటున్నారు కదా, కొలత అక్కడే తప్పింది.

దీనికి మన పాలమూరు లైనులోనే జవాబు ఉంది. సికింద్రాబాద్ నుంచి మహబూబ్‌నగర్, గద్వాల మీదుగా కర్నూలు, ద్రోణాచలం వెళ్లే ఈ లైను నిజాం కాలం నుంచి మీటర్‌గేజ్. 1992లో మొదలైన యూనిగేజ్ ప్రాజెక్టుతో తొంభైలలో బ్రాడ్‌గేజ్ అయింది. మీటర్‌గేజ్ 1:87లో 11.5 మి.మీ., బయట 12 మి.మీ. పట్టా రెడీగా దొరుకుతుంది, అరమిల్లీమీటరు తేడా కంటికి ఆనదు. పెట్టెలు పొట్టివి, సన్నవి, మలుపులు చిన్నవైనా బాగుంటాయి. నువ్వు పడుతున్న చోటు బాధ సగం తీరుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, ఆ రోజులు ఇప్పుడు ఎక్కడా కనిపించవు. వైపీ స్టీమ్ ఇంజిను నీళ్లు పట్టుకునే గొట్టం, తర్వాత వచ్చిన వైడీఎం-4 డీజిలు, చేయి పైకి కిందికి ఊపే సెమాఫోర్ సిగ్నళ్లు, తీగలు లాగే లీవర్ ఫ్రేము, స్టేషన్ మాస్టర్ గదిలో, ముందు లైను ఖాళీ, వెళ్లొచ్చు అని డ్రైవరుకు ఇచ్చే ఇనుప గుండు టోకెను బయటికి తీసే నీల్స్ మిషను, ఆ గుండును తోలు సంచిలో పెట్టి వెదురు రింగుకు తగిలించి నడుస్తున్న ఇంజిను డ్రైవరుకు అందించడం. చిన్నప్పుడు అది చూడ్డానికే స్టేషన్‌కు పోయేవాళ్లం. ఇప్పటి స్టేషన్ ఫొటో ఎవడైనా తీస్తాడు బాబూ. ఆ కాలం నాటిది ఎవరో ఒకరు కట్టకపోతే మన తర్వాతివాళ్లకు చూపించడానికి ఏం మిగులుతుంది?

నల్లగొండ_లూప్‌లైన్

పెద్దాయన చెప్పింది మనసుకు నచ్చేదే, కాదనను. కానీ వైపీగానీ వైడీఎం-4గానీ అంగట్లో కొనేది కాదు. స్విస్ వాళ్ల మీటర్‌గేజ్ ఇంజిను ఒకటి ఖరీదు పెట్టి తెప్పించి, దాని పై గుల్ల తీసేసి, 3డీ ప్రింటర్‌లో మన ఇంజిను గుల్ల ప్రింటు చేయించి ఎక్కించాలి. ఇది మొదటి లేఅవుట్ కట్టేవాడి మీద పెట్టే బరువు కాదు. పట్టాలు, రైలును ఒక పట్టా నుంచి ఇంకో పట్టాకు మళ్లించే పాయింట్లు, వైరింగ్ అన్నీ ఒకసారి చేతికి అలవాటైన తర్వాత చేయాల్సిన పని.

16.5 పట్టా సంగతి కూడా మరీ అంత ఘోరం కాదు. కన్ను పట్టుకునేది పట్టాల మధ్య దూరాన్ని కాదు, స్లీపర్లను. మన కాంక్రీట్ స్లీపరు 2.75 మీటర్లు, హెచ్‌ఓలో 31.6 మి.మీ., కిలోమీటరుకు 1660 చొప్పున వేస్తారు కాబట్టి ఒక స్లీపరు నడుమ నుంచి ఇంకో స్లీపరు నడుముకు దాదాపు 7 మి.మీ. వస్తుంది. కావాల్సినట్టు వంచుకునే ఫ్లెక్సిబుల్ ట్రాక్ కొని, కింద స్లీపర్లను కలిపే ప్లాస్టిక్ పట్టీ కోసి, ఈ దూరానికి జరుపుకుంటూ పోతే మన లైను రూపం వచ్చేస్తుంది. పట్టా పక్కలకు తుప్పు రంగు వేసి, పైభాగం ఒక్కటే మెరిసేలా తుడిస్తే ఫొటోలో గేజ్ తేడా చెప్పమంటే నేను కూడా చెప్పలేను.

మధ్యేమార్గం ఒకటి ఉంది చూడు. గేజ్ మార్చిన కొత్తలో, అంటే తొంభైల చివరి పాలమూరు లైను. బ్రాడ్‌గేజ్, కరెంటు తీగలు లేవు, డబ్ల్యూడీఎం-2 డీజిలు, నీలి రంగు పాతరకం ఐసీఎఫ్ పెట్టెలు. ఇంజిను 17.12 మీటర్లు, నీకు 20 సెంటీమీటర్లలోపే. ఐసీఎఫ్ పెట్టె 24.5 సెంటీమీటర్లు. కరెంటు తీగలు మోసే ఓహెచ్‌ఈ స్తంభాలు, ఆ తీగల పని మొత్తం తప్పుతుంది, అది మొదటిసారి చేసేవాళ్లను బాగా ఇబ్బంది పెట్టే పని. ఏ కాలమో ముందే ఖాయం చేసుకో, ఎందుకంటే బండ్లు, గోడల మీద రాతలు, దుకాణం బోర్డులు అన్నీ దాన్నిబట్టే.

మిర్యాలగూడ_నమూనాలు

నేను ఇళ్ల నమూనాలు చేస్తాను, ఆర్కిటెక్ట్ ఆఫీసులకు చేసేది ఉపాధి, మన పల్లె ఇళ్లవి చేసేది ఇష్టం. కాబట్టి ఇళ్ల గురించి మాత్రం నేను రాస్తా.

విదేశీ కిట్లు కొనకండి. ఒక్క ఇంటికి పెట్టే డబ్బుతో మీ వీధి మొత్తానికి సామాను వస్తుంది, పైగా ఏటవాలు కప్పు, పొగగొట్టం ఉన్న ఇల్లు పాలమూరు ఎండలో ఏం చేస్తుంది? గోడలకు 2 మి.మీ., 3 మి.మీ. సన్‌బోర్డ్ చాలు, స్టేషనరీ షాపుల్లో దొరుకుతుంది. కొత్త బ్లేడు, స్టీలు స్కేలు, ఫెవికాల్. అంతకంటే ముందు కొలతలు. కట్టాలనుకున్న బిల్డింగ్ ముందు ఒక మీటరు కర్రకు తెలుపు, నలుపు పట్టీలు వేసి గోడకు ఆనించి నిలబెట్టి, ఎదురుగా నిలబడి ఫొటో తీయండి. స్టేషన్ అయితే మాస్టర్ గారిని అడిగి తీయండి. ఆ ఫొటోలో కర్ర పొడవు పేపరు మీద 11.5 మి.మీ. వచ్చేలా సైజు తగ్గించి ప్రింటు తీస్తే అదే మీ హెచ్‌ఓ డ్రాయింగు. కిటికీలు, తలుపులు దాని మీద పెట్టి కోసుకోవడమే. ఏడడుగుల తలుపు 24.5 మి.మీ. రావాలి, రాకపోతే ప్రింటు సైజు ఎక్కడో తేడా కొట్టినట్టు.

రేకుల షెడ్డు లేకుండా మన ఊరు ఉండదు కాబట్టి దాని గురించి కాస్త ఎక్కువ రాస్తాను. జింకు రేకు ముడతల మధ్య దూరం 76 మి.మీ., హెచ్‌ఓలో 0.87. హార్డ్‌వేర్ షాపులో ఎం5 మర రాడ్డు అడగండి, దాని మర దూరం 0.8 మి.మీ., మీకు కావాల్సింది దాదాపు అదే. హోటల్ పార్సిల్ వచ్చే అల్యూమినియం డబ్బా అడుగుభాగం కోసి, పాత మౌస్‌ప్యాడ్ మీద పరిచి, ఆ రాడ్డును గట్టిగా నొక్కి దొర్లిస్తే ముడతలు వరసగా పడిపోతాయి. సిమెంటు రేకు కావాలంటే దాని ముడత 146 మి.మీ., ఎం12 రాడ్డు తీసుకోండి, మర 1.75, సరిపోతుంది. ముక్కలను నిజం రేకుల సైజుకే, అంటే మూడడుగుల వెడల్పుకు లెక్క పది మి.మీ. చొప్పున కోసి, ఒకదాని అంచు మీద ఇంకోటి ఎక్కించి అతికించండి. ఒక్క పెద్ద ముక్క కప్పితే రేకుల కప్పు అనిపించదు. తుప్పుకు ఎర్ర జేగురు రంగును నీళ్లలో పల్చగా కలిపి, పై నుంచి కిందికి మాత్రమే కుంచె లాగండి, వాన నీళ్లు పోయేది అటే కాబట్టి.

షాబాద్ బండల అరుగులు మర్చిపోవద్దు, మన వైపు టీ కొట్టుకైనా స్టేషన్‌కైనా ముందు అదే కనిపిస్తుంది. పలచటి అట్ట మీద బూడిద రంగు వేసి, రెండడుగుల బండకు 7 మి.మీ. చొప్పున పెన్సిలుతో గీతలు గీసి, అక్కడక్కడా ఒకటి రెండు బండలు కొంచెం ముదురుగా, కొంచెం నీలంగా వేయండి. గోడల లోపలివైపు నల్ల రంగు వేయండి, లేకపోతే రాత్రి లైటు వేసినప్పుడు గోడలోంచి వెలుతురు కారుతుంది.

చెట్ల దగ్గర అందరూ భయపడి చిన్నవి చేస్తారు. పదిహేను మీటర్ల తాటిచెట్టు హెచ్‌ఓలో 17 సెంటీమీటర్లు రావాలి, మీ రెండంతస్తుల బిల్డింగు ఎనిమిదే. చెట్టు ఇంటికి రెండింతలు ఉంటే తప్పేం లేదు, నిజంగా అంతే ఉంటుంది. మొద్దుకు తీగ మీద దారం చుట్టి ఫెవికాల్, రంపపు పొట్టు పూసి నల్లబూడిద రంగు. ఆకులకు పలచని కాగితాన్ని 14 మి.మీ. విసనకర్ర రూపంలో కోసి, అంచున చీలికలు పెట్టి, ఇరవై పాతిక ఆకులు తలమీద అతికించండి, కింది నాలుగైదు ఎండినట్టు గోధుమ రంగులో వేలాడాలి. అవి లేకపోతే తాటిచెట్టు ప్లాస్టిక్ చెట్టులా ఉంటుంది. కల్లు గీసే చెట్టైతే పైన చిన్న ముంత, మోకు కూడా.

నేలకు మీ ఎర్ర చల్కా మట్టినే వాడండి, దాని రంగు ఏ డబ్బాలోనూ రాదు. టీ వడగట్టే జాలీలో జల్లించి, బాండీలో బాగా వేయించండి, పురుగులు పోతాయి. తర్వాత పలచని ప్లాస్టిక్ సంచిలో అయస్కాంతం పెట్టి మట్టిలో తిప్పండి, నల్లటి ఇనుప పొడి అంటుకొచ్చేస్తుంది. ఆ పొడి మట్టిలోనే ఉండిపోతే ఇంజిను మోటారులోని అయస్కాంతం దాన్ని లాక్కుని గేర్లలో ఇరికించుకుంటుంది. కంకరకు క్రషర్ డస్టు జల్లించి వాడండి, దానికీ అయస్కాంతం తిప్పాలి. సగం ఫెవికాల్, సగం నీళ్లు, ఒక చుక్క గిన్నెల సబ్బు కలిపి సిరంజితో వదిలితే గట్టిపడుతుంది. ధాన్యం కుప్పలు చూపించడానికి కొందరు రవ్వ పోస్తారు, వద్దే వద్దు, చీమలు ఇల్లు కట్టుకుంటాయి. మా ఊరి రైస్ మిల్లు నమూనాకు పసుపు రంగు కలిపిన రంపపు పొట్టే వాడాను.

గుట్ట థర్మకోల్‌తో చేస్తే దాని మీద స్ప్రే రంగు కొట్టవద్దు, ఫెవిక్విక్ తగలనివ్వవద్దు, రెండూ థర్మకోల్‌ను తినేస్తాయి. పైన పేపరు ముక్కలు, ఫెవికాల్ వేసి, దానిమీద గోడలకు వేసే నీళ్ల రంగు. పాలమూరు గుండ్లు గుండ్రంగా ఒకదానిమీద ఒకటి ఉంటాయి, కొనదేలి ఉండవు, అది గుర్తుంచుకోండి. పుణె కొత్రుడ్‌లో జోషీ గారి మినియేచర్ రైల్వే మ్యూజియం ఉంది, 1998లో తెరిచారు, అటు పోయే పని పడితే తప్పకుండా చూసి రండి. రైళ్లకంటే వాటి చుట్టూ ఉన్న ఊరిని ఎలా నడిపించారో చూడండి.

రేకులగది_రైలు

ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. ఐదు చోట్ల ప్లాన్ ఇప్పుడే చించేశాను. మన్యంకొండ లాంటి చిన్న స్టేషనే, గోడ వెంటే. మీటర్‌గేజ్ మీద మనసు లాగుతోంది గానీ నా సెట్ 16.5 కాబట్టి తొంభైల చివరి కాలానికే పోతాను. పెద్దాయన గారూ, ఆ లీవర్ ఫ్రేము, టోకెను మిషను ఎలా ఉండేవో మీకు గుర్తున్నంత రాయండి, స్టేషన్ వెనక పాత సామాను గదిలోనైనా పెడతాను.

బండ్లు, ఎండ, కరెంటు, ఈ మూడూ మిగిలాయి.

కోఠి_సోల్డర్

కరెంటు, ఎండ నేను చెప్తా బ్రో.

డీసీ అంటే పట్టాకు పన్నెండు వోల్టుల దాకా ఇస్తావు, వోల్టు పెంచితే ఆ పట్టా మీద ఉన్న ఇంజిన్లన్నీ కదులుతాయి. ఒకటి ఆపి ఒకటి నడపాలంటే పట్టాను ముక్కలుగా విడదీసి స్విచ్‌లు పెట్టాలి. డీసీసీలో పట్టా మీద కరెంటు ఎప్పుడూ ఉంటుంది, దాంతోపాటే సిగ్నల్ పోతుంది, ప్రతి ఇంజినులో ఉన్న డీకోడరుకు ఒక నంబరు, ఆ నంబరుకు చెప్తే అదే కదులుతుంది. నీకు ఒక మెయిన్, ఒక లూప్, ఒకటో రెండో ఇంజిన్లు. డీసీతో మొదలుపెట్టు, ఏమీ తక్కువ కాదు. కానీ వైరింగ్ మాత్రం రేపు డీసీసీకి మారినా పనికొచ్చేలా ఇప్పుడే గట్టిగా చేసుకో. మారేటప్పుడు ఖరీదైన సిస్టం కొనక్కర్లేదు, ఆర్డుయినో మెగా బోర్డు, ఒక మోటార్ షీల్డు, ఒక వైఫై బోర్డు తీసుకుని డీసీసీ-ఈఎక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే ఫోనుతోనే నడపొచ్చు. సామాను అంతా హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో దొరుకుతుంది.

గట్టిగా అంటే ఏంటంటే, బోర్డు కింద ఈ కొస నుంచి ఆ కొసకు 1.5 స్క్వేర్ ఎంఎం వైర్లు రెండు, ఒకటి ఎరుపు, ఒకటి నలుపు. ప్రతి మూడడుగుల పట్టా ముక్క నుంచి రెండు సన్న వైర్లు కిందికి దింపి వాటికి సోల్డర్ చెయ్. పట్టాలను కలిపే జాయినర్ల మీద కరెంటుకు నమ్మకం పెట్టుకోవద్దు, కొత్తలో బాగానే ఉంటాయి, దుమ్ము, తుప్పు పట్టాక ఇంజిను స్టేషన్ దాకా వచ్చి ఆగిపోతుంది, లోపం ఎక్కడో వెతకలేక చస్తాం. పట్టా కొనేటప్పుడు నికెల్ సిల్వర్ తీసుకో, ఇత్తడి, ఇనుము వద్దు. తుడవడానికి ఐసోప్రొపైల్ ఆల్కహాల్, మెత్తటి గుడ్డ. గరుకు కాగితం పెట్టి రుద్దితే గీతలు పడి ఆ గీతల్లోనే మసి చేరుతుంది.

ఎండ గురించి. చలికాలం పొద్దునకూ మే మధ్యాహ్నానికీ రేకుల గదిలో ముప్పై డిగ్రీల తేడా ఈజీగా ఉంటుంది. ఆ తేడాకు మూడడుగుల నికెల్ సిల్వర్ పట్టా అరమిల్లీమీటరుకు కొంచెం తక్కువ సాగుతుంది. చలికాలంలో పరిస్తే ప్రతి జాయింటు దగ్గర అరమిల్లీమీటరు సందు వదులు, పాత పోస్ట్‌కార్డులు రెండు కలిపి జాయింటులో పెట్టి పరిచి తర్వాత తీసేస్తే సరిపోతుంది. మే నెలలో పరిస్తే దాదాపు ఆనించేయొచ్చు. అయితే పట్టా కంటే ఎక్కువ ఏడిపించేది చెక్క. వానాకాలం తేమకు ఉబ్బుతుంది, ఎండాకాలం కుంగుతుంది, పట్టా దాని మీద ఉంది కాబట్టి అదీ వంకర పోతుంది. అందుకే ప్లైవుడ్‌కు పైన, కింద, అంచులకు కూడా ప్రైమర్ రెండు కోట్లు కొట్టు. కాళ్లు, ఫ్రేము వెల్డింగ్ షాపులో అంగుళం స్క్వేర్ పైపుతో చేయించు, చెదల భయం కూడా తగ్గుతుంది. పైన రేకుల కింద ఫాల్స్ సీలింగో, కనీసం థర్మకోల్ షీట్లో వేయించగలిగితే ముందు ఆ ఖర్చే పెట్టు.

స్టేషన్ లైట్లకు వార్మ్ వైట్ ఎల్‌ఈడీలు, పన్నెండు వోల్టులకు 4.7కే రెసిస్టర్. 1కే పెడితే పెళ్లి పందిరి లైటింగ్ అవుతుంది. తొంభైల స్టేషన్ అంటే ప్లాట్‌ఫాం మీద ట్యూబ్‌లైటు కూడా ఉండేది, దానికి మాత్రం చల్లని తెలుపు పెట్టు.

నల్లగొండ_లూప్‌లైన్

బండ్లు నాకు వదిలేశారు కాబట్టి చెప్తున్నా.

అంగట్లో దొరికే చేతిలో పట్టే ఇనుప కార్లు చాలా వరకు 1:64కు అటూ ఇటూ. దాని పక్కన 1:87 మనిషిని నిలబెడితే కారు వాడికి మరీ పెద్దదైపోయినట్టు కనిపిస్తుంది. పైగా ఆ కంపెనీలు అన్ని బండ్లనూ ఒకే డబ్బాలో పట్టేలా చేస్తాయి, లారీ చిన్నదైపోతుంది, కారు పెద్దదైపోతుంది. అందుకే కొనేముందు స్కేలు చూసుకో. ఆటో పొడవు 2.6 మీటర్లు అంటే 30 మి.మీ., వెడల్పు 15. బైకు 23 మి.మీ. పదకొండు మీటర్ల ఆర్టీసీ బస్సు 12.6 సెంటీమీటర్లు. 1:64 వస్తువులు ఉండనే ఉన్నాయి అంటే వాటిని బోర్డు ముందు అంచున, చూసేవాడికి దగ్గరగా పెట్టు, హెచ్‌ఓవి మధ్యలో, గుట్ట మొదట్లో ఎన్ స్కేల్ లారీ, ఇల్లు. కంటికి దూరం ఎక్కువైనట్టు కనిపించి రెండడుగుల అర లోతుగా అనిపిస్తుంది. ఒక్కటి మాత్రం గుర్తుంచుకో, రెండు స్కేళ్లు పక్కపక్కన రాకూడదు, మధ్యలో గోడో, చెట్ల వరసో అడ్డం ఉండాలి.

తొంభైల చివర అంటే ఎర్ర ఏపీఎస్ఆర్టీసీ బస్సు, అంబాసిడర్, చేతక్ స్కూటర్, ట్రాలీ ట్రాక్టరు, ఎడ్లబండి. బస్సు, ఆటో 3డీ ప్రింటు చేయించుకోవడం మేలు, రెసిన్ ప్రింటు అయితే కిటికీ ఊచలు కూడా వస్తాయి, హైదరాబాద్‌లో చేసిచ్చేవాళ్లు ఉన్నారు. అద్దాలకు పారదర్శక ఓహెచ్‌పీ షీటు. కొత్త బండిలా మెరవనివ్వవద్దు, మ్యాట్ వార్నిష్ కొట్టి, చక్రాల చుట్టూ, కింది అంచుకు నీ ఎర్రమట్టినే పొడిగా కుంచెతో అద్దు. మిర్యాలగూడ అక్కయ్య చెప్పిన మట్టి, నేల మీద ఉన్నదీ బండికి అంటిందీ ఒకటే రంగు ఉంటే ఆ బండి ఆ రోడ్డు మీదే తిరిగినట్టు అనిపిస్తుంది.

ఇంకోటి, రైలును వేగంగా నడపకు. గంటకు వంద కిలోమీటర్లు అంటే హెచ్‌ఓలో సెకనుకు 32 సెంటీమీటర్లే. చిన్న స్టేషన్‌లో ఆగడానికి వచ్చే ప్యాసింజరు దానికంటే చాలా మెల్లగా రావాలి. చాలామంది ఇంత ఖర్చు పెట్టి కట్టి, రైలును తరిమి మొత్తం చెడగొడతారు.

గద్వాల_మీటర్‌గేజ్

బాబూ, లీవర్ ఫ్రేము బొమ్మ గీసి కొలతలు రాసి పెడతా, టోకెను మిషనుది కూడా. ఎర్ర రంగు, పైన రెండు పక్కలా ఇత్తడి భాగాలు, ముందు తిప్పే పిడి. సామాను గదిలో కాదు, మాస్టర్ గది కిటికీలోంచి కనిపించేలా పెట్టు. కిటికీ వెనక చిన్న లైటు వేస్తే చాలు.

రేకులగది_రైలు

తప్పకుండా పెద్దాయనా, కిటికీ దగ్గరే పెడతా. వెల్డింగ్ షాపులో ఫ్రేముకు కొలతలు ఇచ్చేసి, ఆదివారం మీటరు కర్ర పట్టుకుని మన్యంకొండ పోతున్నా, మాస్టర్ గారు ఒప్పుకుంటే ఫొటోలు ఇక్కడే పెడతాను. పాయింట్లు చేత్తో మార్చాలా, మోటారు పెట్టాలా అన్నది ఇంకా తేల్చుకోలేదు, సోల్డర్ బ్రో, దాని మీద కూడా నాలుగు ముక్కలు రాస్తావా?